మచ్చిక ముద్ద

"ప్లేటు బాగుందమ్మా. పేచీ పెట్టుకోవడానికి రాలేదు. ఒక్క సంగతి కనుక్కుని పోదామని వచ్చాను. ఇది ఎవరి కాలు?"

ఆ మాట అడిగిన వేళకి పెద్దపాప షెడ్డులో బల్ల ముందు నిలబడి మట్టి పిసుకుతోంది. మోచేతుల దాకా బురద. అడిగినావిడకి అరవై దాటి ఉంటాయి. ముక్కాలి పీట మీద సర్దుకుని కూర్చుని, గుడ్డసంచీలోంచి తువ్వాలు మూట తీసి, తువ్వాలు విప్పి, అందులోని ప్లేటుని ఒళ్ళో పెట్టుకుంది. అరచేయంత మట్టి ప్లేటు, నీలం అంచు, మధ్యలో కుక్క పాదం ముద్ర, కింద 'నా దొర' అని అక్షరాలు.

పెద్దపాప వాళ్ళమ్మ ఒకప్పుడు గిన్నెల కొట్టు నడిపింది. సరుకు తిరిగి తెచ్చిన మనిషి దాన్ని బల్ల మీద పెడితే మార్చి ఇమ్మని అడుగుతుంది, ఒళ్ళో పెట్టుకుంటే మనసులో మాట అడుగుతుంది అని చెప్పేది ఆవిడ. ఇరవై రెండేళ్ళ కాపురంలో పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానంతా ఎక్కడిదక్కడ పోయింది గానీ ఇలాంటి లెక్కలు మాత్రం పోలేదు. అందుకే పెద్దపాప గాభరా పడకుండా, చేతులు బకెట్లో ముంచి కడుక్కుని, "ఇలా ఇవ్వండి పిన్నిగారూ, వెలుతురులో చూద్దాం" అంది.

పెద్దపాప అనేది ఆమె అసలు పేరేం కాదు. నలభై ఆరేళ్ళ మనిషి. పుట్టింట్లో వాళ్ళమ్మ పిలిచిన పిలుపు అది. ఆ అమ్మ పోయి నాలుగేళ్ళయింది. అత్తగారింట్లో ఆమెను ఎవరికి తోచినట్టు వాళ్ళు పిలుస్తారు, ఎక్కువగా 'ఇదిగో' అనీ 'ఏమే' అనీ. ఒంటరిగా పనిచేసుకునేటప్పుడు మాత్రం ఆమె తనతో తాను 'ఏం పెద్దపాపా, ఇవాళ మట్టి మరీ మొండికేసిందేం' అని మాట్లాడుకుంటుంది. కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

ఆమె చేసేది జ్ఞాపకాల సామాను. కుక్కల్ని పెంచుకునేవాళ్ళు తమ కుక్కను తీసుకొస్తారు. మెత్తటి మట్టిపలక మీద దాని కాలు ఒత్తిస్తుంది, దాన్ని ప్లేటుగానో కప్పుగానో మలిచి, ఆరబెట్టి, రంగేసి, కరెంటు బట్టీలో కాల్చి ఇస్తుంది. వచ్చేవాళ్ళలో సగం మంది కుక్కపిల్ల తెచ్చుకున్న సంబరంలో వస్తారు. తక్కినవాళ్ళు డాక్టరు ఇంక లాభం లేదన్నాక వస్తారు. ఈవిడ రెండో రకం. రెండు నెలల కిందట భార్యాభర్తలిద్దరూ వచ్చారు. కుక్క గొలుసు ఆయన చేతిలో ఉంది. దాని నీళ్ళసీసా, గిన్నె, మందులు, మూతి తుడిచే గుడ్డ, దుప్పటి ఈవిడ చేతుల్లో ఉన్నాయి. ఆయన ఏదో ఆఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరయ్యారట. మాట్లాడిందంతా ఆయనే. "మా దొర, నేనూ ఒకే ప్రాణం" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు దొర మాత్రం ఈవిడ చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. పెద్దపాప అది చూసింది. చూడటం ఆమెకున్న జబ్బు.

ఇప్పుడు ఆమె కిటికీ దగ్గర ప్లేటు వంచి చూసింది. అక్షరాలు పైకీ కిందకీ ఉన్నాయి. అంచు దగ్గర వేలిగుర్తు తనది కాదు. మధ్యలో కాలు లోతుగా, ధీమాగా, గోళ్ళన్నీ దిగేలా పడింది. చావుకి దగ్గరైన కుక్క అంత బరువు మోపదు.

"మీకెలా తెలిసింది పిన్నిగారూ?" అని అడిగింది. బుకాయించాలని కాదు. తనకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"తెలియకపోవడమేంటమ్మా! పదమూడేళ్ళు, రోజుకి రెండుసార్లు బయటికెళ్ళొస్తే రెండుసార్లూ నాలుగు కాళ్ళూ తుడిచాను. గోళ్ళు నేనే తీసేదాన్ని. చిన్నప్పుడు కుడికాలు తలుపు సందులో పడి బయటివైపు చిటికెన వేలి గోరు ఊడిపోయింది. మళ్ళీ రాలేదు. ఇందులో చూడు, శుభ్రంగా నాలుగు గోళ్ళూ ఉన్నాయి. చచ్చిపోయాక గోరు మొలిచిందా?"

"సారుగారు ఏమన్నారు?"

"ఆయనా? ఆయన ప్లేటు చూసి బావురుమన్నారు. టీవీ పక్కన పెట్టారు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు, 'ఆ అడుగు చూడండి, ఆ రాజసం చూడండి' అని. నేనేమో దుమ్ము తుడిచినప్పుడల్లా వేలు పెట్టి చూస్తున్నాను. వారం చూశాను, రెండు వారాలు చూశాను. నాకు కోపం లేదమ్మా, ఒట్టు. రోజూ ఎవరి కాలు తుడుస్తున్నానో తెలియకపోతే ఎలా అని, అంతే."

పెద్దపాపకి లెక్క అప్పుడే తేలిపోయింది. దొర కాలు ఒత్తించిన నాలుగో రోజున అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో పందొమ్మిది రోజులు. మంచం పక్కన కుర్చీలో పడుకున్నది పెద్దపాప. భర్త తన టైల్స్ కొట్టు చూసుకుంటూ రోజుకోసారి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, అమ్మకి ఎలా ఉందని అడిగి వెళ్ళేవాడు. ఆమె తిరిగొచ్చాక గర్వంగా చెప్పాడు. "నువ్వు లేకపోయినా బట్టీ ఆగలేదు. ఆర్డర్లన్నీ ఇచ్చేశాను. ఒక్కటి కూడా పోలేదు. పెద్ద బ్రహ్మవిద్య అనుకున్నాను గానీ, ఇంతేనా!" అని. ఒక్కటి కూడా పోలేదన్న మాట దగ్గరే తను ఆగి ఉండాల్సింది. ఇన్నేళ్ళలో ఏ కాల్పులోనూ ఒకటో రెండో పోకుండా ఉండలేదు. అత్తగారికి బెడ్‌పాన్ పెట్టే తొందరలో ఆ మాట చెవిన పడి జారిపోయింది.

"కూర్చోండి పిన్నిగారూ, ఒకటి చూపిస్తాను" అని వెనకగోడ అల్మరా దగ్గరికి వెళ్ళింది.

ఇక్కడ పనిలో ఒక కిటుకు చెప్పాలి. ఏ కుక్కా మొదటిసారే పచ్చిమట్టి మీద కాలు నిలకడగా పెట్టదు. చల్లగా, జిడ్డుగా తగలగానే చటుక్కున లాక్కుంటుంది. అందుకని ముందు ఒక ముద్ద మీద పెట్టిస్తుంది పెద్దపాప. ఒక బిస్కెట్ ముక్క ఇస్తుంది, వీపు నిమురుతుంది, మంచి మాటలు చెబుతుంది. రెండోసారికో మూడోసారికో కాలు ఊరుకుంటుంది. అప్పుడు అసలు పలక మీద ఒత్తిస్తుంది. ఆ మొదటి ముద్దకి ఆమె పెట్టుకున్న పేరు మచ్చిక ముద్ద. పనైపోయాక దాన్ని నీళ్ళతొట్టిలో పడేస్తే మళ్ళీ మట్టవుతుంది. అదే లాభసాటి పని. కానీ మొదట్నుంచీ ఆమె ఒక్క మచ్చిక ముద్దనీ తొట్టిలో వెయ్యలేదు. పలకలా నొక్కి, వెనక పుల్లతో నాలుగు ముక్కలు రాసి, ఆరబెట్టి అల్మరాలో పేర్చుతుంది. మూడువందల పైచిలుకు ఉన్నాయి. ఎందుకో ఆమెకే సరిగ్గా తెలియదు. ఒక కుక్క లోపలి వేళ్ళ మీద బరువేస్తుంది, ఒకటి మడమ మీద. ఒకటి భయపడి వేళ్ళు ముడుచుకుంటుంది, ఒకటి నేల తనదే అన్నట్టు చాపుతుంది. యజమానులు చెప్పే కథ ఒకటి, కాలు చెప్పేది ఇంకొకటి. 'మావాడు పులి' అన్నవాడి కుక్క ముద్దలో వణుకు కనిపిస్తుంది. ఈ సంగతులు ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరైనా అడగాలి కదా. భర్త ఆ అల్మరాని 'నీ చెత్త' అంటాడు. అత్తగారు, మంచాన పడకముందు, "ఇంట్లో పప్పుడబ్బాలకి చోటు లేదు గానీ కుక్కకాళ్ళకి బీరువా" అనేది.

మూడో అరలో దొరికింది. వెనక ఇలా రాసి ఉంది. 'దొర. కుడి ముందు కాలు. బయటి చిటికెన వేలికి గోరు లేదు. వాసన చూసి తుమ్మింది. ఆవిడ పిలిస్తేగానీ కాలు పెట్టలేదు.'

పిన్నిగారు దాన్ని రెండు చేతులతో అందుకుంది. చూపుడువేలు పెట్టి గోరు లేని చోట తడిమింది. అక్కడే ఉంచింది. తర్వాత ముద్ద తిప్పి వెనక రాత చదివి, "తుమ్మింది, అవును తుమ్మింది! నేను మర్చేపోయాను" అని నవ్వబోయి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కాసేపయ్యాక, "సరే, నా వాడు దొరికాడు. మరి నేను తుడుస్తున్నదెవర్ని?" అంది.

ఆ ప్రశ్న పెద్దపాపనీ పట్టుకుంది. ప్లేటు మళ్ళీ చూసింది. పాదం కింది మెత్తలు మందంగా ఉన్నాయి, వాటి మీద సన్నటి పగుళ్ళు. ఎండకి కాలిన తారురోడ్డు మీద తిరిగే కాలు. వేళ్ళు బాగా విచ్చుకుని ఉన్నాయి. ఇంటి కుక్కకి కార్పెట్ అలవాటు, ఇలా విచ్చుకోదు. మట్టిని ఈ కాలు అనుమానించలేదు, మొదటిసారికే నమ్మింది. మట్టి తెలిసిన కాలు! పెద్దపాప చూపు మెల్లగా బట్టీ వెనకవైపుకి తిరిగింది. అక్కడ, వెచ్చటి గోడకి వీపానించి, ఒక గోధుమరంగు ఆడకుక్క పడుకుని ఉంది. దాన్ని అందరూ గేటు కుక్క అంటారు. దానికి ఇంకో పేరు లేదు. మూడేళ్ళుగా అక్కడే ఉంటోంది. నాలుగు ఈతలు ఈనింది.

"ఇలా రావే" అంది పెద్దపాప.

అది వచ్చింది. కొత్తగా ఒక ముద్ద తీసి కింద పెడితే, బిస్కెట్ కూడా అడక్కుండా, అలవాటున్నదానిలా కాలు పెట్టింది. ఇక మిగిలింది కొలత. మట్టి ఆరినప్పుడు కొంచెం, కాలినప్పుడు కొంచెం, మొత్తం మీద ఎనిమిదో వంతు కుంచించుకుపోతుంది. గిన్నెయితే ఆ లెక్కకి ముందే పెద్దగా మొదలుపెట్టొచ్చు. కాలుని పెద్దది చెయ్యలేం. అందుకే కొలిచిన ప్రతివాళ్ళూ 'మావాడి కాలు ఇంత చిన్నది కాదే' అంటారు. పెద్దపాప దగ్గర ఒక కొలబద్ద ఉంది, తనే చేసుకుంది. ఒక అంచున పచ్చిమట్టి గీతలు, రెండో అంచున కాలిన మట్టి గీతలు. ముద్ద మీద ఒక అంచు, ప్లేటు మీద రెండో అంచు పెట్టి చూసింది. మడమ సరిపోయింది. వేళ్ళ ఎడం సరిపోయింది. లోపలి మెత్త మీద గాజుపెంకు గుచ్చుకున్న పాత మచ్చ కూడా గీత తప్పకుండా సరిపోయింది.

"ఇదిగో పిన్నిగారూ. మీ టీవీ పక్కన కూర్చున్నావిడ."

"ఆవిడా?" పిన్నిగారి కళ్ళు పెద్దవయ్యాయి. "ఆడకుక్కా?"

"ఆడదే. నాలుగు కాన్పులు."

పిన్నిగారు గేటు కుక్క వంక చూసింది. గేటు కుక్క పిన్నిగారి సంచీ వంక చూసింది. ఉన్నట్టుండి ఆవిడకి నవ్వు పుట్టుకొచ్చింది. పొట్ట పట్టుకుని, పీట మీద ముందుకీ వెనక్కీ ఊగి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఈ జాతి కుక్క వీధిలో కనిపిస్తే ఆయన కర్ర తీసుకుంటారమ్మా! దొరకి వీటి గాలి సోకకూడదని! రాజసం అట, రాజసం! నిన్న మా ఆడపడుచుకి చూపించి 'మగాడి అడుగంటే ఇలా ఉండాలి' అన్నారు!"

పెద్దపాపకీ నవ్వాగలేదు. ఇద్దరూ కాసేపు ఊపిరాడక నవ్వుకున్నారు. నవ్వు తగ్గాక పెద్దపాప అంది, "తప్పు మా వల్ల జరిగింది పిన్నిగారూ. సారుగారికి నేనే వచ్చి చెబుతాను."

"చెప్పు, నీ ఇష్టం. నమ్మరు గాని. కుక్క ఆయనది కదా, ఆయనకి తెలియకుండా ఉంటుందా!" ఆవిడ తువ్వాలు మడిచింది. "నేను అనేదేంటంటే, ఆయన ఏడ్చిన ఏడుపు మాత్రం అబద్ధం కాదు. అది ఎవరి కాలు మీద పడితేనేం? ప్లేటు అక్కడే ఉంటుంది. పాపం దీనికీ ఒకచోట కాలు మోపడానికి చోటు దొరికింది. వచ్చి చెబితే నేనేం అడ్డురాను. నాకు మాత్రం ఈ ముద్ద కావాలి."

"ఇది కాల్చలేదు, చేతిలోనే విరిగిపోతుంది. కాల్చి ఇస్తాను. కాకపోతే ఇంకాస్త తగ్గుతుంది."

"తగ్గనీ. ఎంత తగ్గినా నాకు తెలుస్తుందిలే."

ఆవిడ వెళ్ళిపోయాక పెద్దపాప గేటు కుక్క ముద్ద ముందు అలాగే కూర్చుండిపోయింది. ఆ మాట చెవుల్లోంచి పోవడం లేదు. ఎంత తగ్గినా తెలుస్తుంది. పట్టుకుని మురిసినవాళ్ళకి కాదు, తుడిచినవాళ్ళకి తెలుస్తుంది. చేసిన చాకిరీకి ఎవరూ ఏమీ ఇవ్వరనుకుంటాం గానీ, ఆ చాకిరీయే ఇదొకటి ఇస్తుందన్నమాట. మరి తన సంగతేమిటి? ఈ ఇంట్లో ఒక్కొక్కరి ఒంటి లెక్కా తన చేతిలో ఉంది. భర్త ఎడమచెప్పు మడమ దగ్గర ముందరిగిపోతుందని తెలుసు, చొక్కాకి మూడో గుండీ ఊడుతుందని తెలుసు. అత్తగారి వీపు మీద ఏ ఎముక దగ్గర చర్మం కందుతుందో తెలుసు. తన లెక్క ఎవరి దగ్గరుంది? కోపంతో వచ్చిన ప్రశ్న కాదది. ఆరిన మట్టిని వేలితో తట్టి లోపల పగులుందేమో విన్నట్టు, ఊరికే తట్టి చూడాలనిపించింది. ముద్ద ఒకటి తీసుకుని పలకలా పరిచి, తన కుడిచెయ్యి దాని మీద పెట్టింది. మట్టి చల్లగా తగిలింది. ఆశ్చర్యం, ఇరవై ఏళ్ళుగా మట్టిలో ఉన్న చెయ్యి చటుక్కున వెనక్కి రాబోయింది! 'ఏం పెద్దపాపా, నీకూ బిస్కెట్ కావాలా' అని నవ్వుకుని గట్టిగా ఒత్తింది. ఐదువేళ్ళు. చిటికెన వేలు కొంచెం బయటికి వంకర.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్తని, వడ్డిస్తూ, మామూలుగా అడిగింది. ఆయన తడబడలేదు.

"ఆ, అదా. పగిలింది. రెండు ముక్కలు. కుక్కేమో అప్పటికే పోయిందాయె. నువ్వు పరిచి పెట్టిన పలకలున్నాయి, గేటు దగ్గర కుక్కుంది. బిస్కెట్ వేశాను, ఒత్తేశాను. కుక్క కాలు కుక్క కాలే. పోయిన కుక్క వచ్చి అడుగుతుందా?"

"దాన్ని పెంచినావిడ వచ్చి అడిగింది."

"గొడవ చేసిందా?"

"లేదు. నవ్వింది."

"చూశావా మరి! అసలు ఆ రోజే నాకు ఐడియా తట్టింది. నీకు చెబుదామనే అనుకుంటున్నాను." చెయ్యి కడుక్కుని, జేబులోంచి ఒక రబ్బరు అచ్చు తీసి బల్ల మీద పెట్టాడు. కుక్క పాదం. మడమ, నాలుగు వేళ్ళు, గోళ్ళు. బొమ్మల పుస్తకంలో ఉన్నట్టు ఏ వంకా లేకుండా ఉంది. "కుక్కల డాక్టరమ్మ రెండొందల ప్లేట్లు అడిగింది. వాళ్ళ దగ్గరికొచ్చే ప్రతి కుక్కకీ ఒకటి. ఒక్కొక్క దాన్నీ బతిమాలి ఒత్తించాలంటే ఏడాది పడుతుంది. దీంతో ఠక్ ఠక్‌మని రెండ్రోజులు. నీకే కష్టం తగ్గుతుంది కదా. నీ చేతిలో ఏదో ఉందోయ్, ఫినిషింగ్ నీదే. ఈ ఆదివారం కాక పై ఆదివారం ఆ అల్మరాలో చెత్తంతా తీయించేస్తాను, అట్టపెట్టెలకి చోటు కావాలి."

నీ చేతిలో ఏదో ఉంది. పెద్దపాప ఆ మాటని కొత్త చెవులతో వింది. పెళ్ళయిన మొదటి నెలలో ఆయన కాఫీ తాగి ఆ మాట అన్నాడు. ఆ తర్వాత ఇంటి వంట ఆమెదయింది. చుట్టాలొచ్చినప్పుడు అన్నాడు. చుట్టాల చాకిరీ ఆమెదయింది. మొదటి కప్పు చేసినప్పుడు అన్నాడు. కప్పులు కొట్టులో టైల్స్ పక్కన 'మా ఆవిడ సరదాగా చేస్తుంటుంది' అన్న మాటతో పాటు అమ్ముడయ్యాయి. ఆసుపత్రిలో గుమ్మం దగ్గర నిలబడి కూడా అన్నాడు. 'నీ చెయ్యి తగిలితేనే అమ్మకి నెమ్మది' అని. బిస్కెట్! ఎంత చిన్న ముక్క, ఎన్నేళ్ళు పనిచేసింది! కాలు వెనక్కి తీసుకోబోయిన ప్రతిసారీ ఒక ముక్క. కోపం రావలసిన చోట ఆమెకి వింతగా తోచింది. తనే రోజూ వాడే కిటుకు తన మీద నడుస్తుంటే ఇన్నాళ్ళూ చూడలేదంటే, చూడటం తనకున్న జబ్బని అనుకోవడం ఒట్టి గొప్పే.

"ఆదివారానికింకా పదకొండు రోజులుంది. చూద్దాం" అంది.

పదకొండు రోజుల్లో ఆమె రెండు పనులు చేసింది. మొదటిది, తన చేతి పలకని నీడలో ఆరబెట్టి, దాన్నీ దొర మచ్చిక ముద్దనీ ఒకే బట్టీలో పక్కపక్కన పెట్టి కాల్చింది. రెండోది, చీర మార్చుకుని కుక్కల డాక్టరమ్మ దగ్గరికి తనే వెళ్ళింది.

డాక్టరమ్మ చిన్నది, చురుకైనది. చెయ్యి చాపి, "మీరా? ఇన్నాళ్ళూ ఇవన్నీ మీవారు చేస్తున్నారనుకున్నానండీ!" అంది.

"ఆయన అమ్ముతారు" అంది పెద్దపాప. రబ్బరు అచ్చు తీసి బల్ల మీద పెట్టి, పక్కన ఐదారు మచ్చిక ముద్దలు పేర్చింది. "ప్లేట్లన్నిటి మీదా ఈ అచ్చే పడబోతోంది. మీకు తెలిసి ఒప్పుకున్నదయితే నేను మాట్లాడను."

తెలియదని డాక్టరమ్మ మొహమే చెప్పింది. కానీ ఆమె కళ్ళు అచ్చు మీద నిలవలేదు, ముద్దల మీద నిలిచాయి. ఒకదాన్ని ఎత్తి, "ఇది కీళ్ళనొప్పుల కుక్క కదూ? బరువంతా ఒకపక్కకే వేస్తోంది" అంది. ఇంకోటి ఎత్తింది. వెనక రాసింది చదివింది. "ఇవన్నీ రాసింది మీరేనా? ఇలాంటివి ఎన్నున్నాయి మీ దగ్గర?"

ఎన్నాళ్ళ తర్వాతో ఒకరు అడిగారు. పెద్దపాప గంటసేపు చెప్పింది. చివరికి కుదిరిందేమిటంటే, వారానికి రెండు పూటలు ఆమే మట్టి తీసుకుని ఆసుపత్రికి వస్తుంది. ప్రతి కుక్కా తన కాలు తనే పెడుతుంది. ఏడాది పట్టినా పట్టనీ. ఒక్కొక్కదాని మచ్చిక ముద్ద డాక్టరమ్మ కూడా చూస్తుంది.

"బోర్డు మీద ఏమని రాయించమంటారు? మీవారి కొట్టు పేరేనా?"

ఆమె నోరు తెరిచింది. నాలుగేళ్ళుగా పైకి ఎవరూ అనని మాట దానంతటది బయటికి వచ్చింది. "పెద్దపాప అని రాయండి."

ఆ మర్నాడు సాయంత్రం ఆమె హెడ్‌క్లర్కుగారింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన సాంతం విని, జాలిగా నవ్వి, "నా దొర కాలు నాకు తెలియదామ్మా?" అన్నారు. వెనకనుంచి పిన్నిగారు ఏమీ తెలియనట్టు మంచినీళ్ళగ్లాసు అందించింది. దొర అసలు కాలు అప్పటికే వంటింట్లో కిటికీ గట్టు మీద, ఆవిడ చెయ్యి అందే ఎత్తులో ఉంది.

శనివారం పొద్దున పెద్దపాప తన చేతి పలకని తెచ్చి భోజనాలబల్ల మీద, రోజూ కూరగిన్నె పెట్టే చోట పెట్టింది. కాలిన మట్టి ఎర్రగా, గట్టిగా ఉంది. ఎనిమిదో వంతు తగ్గిన చెయ్యి, చూడటానికి పన్నెండేళ్ళ పిల్లదిలా ఉంది.

మొదట అత్తగారు వచ్చింది. నాలుగుకాళ్ళ కర్ర ఊతంతో, అడుగులో అడుగేసుకుంటూ. కుర్చీలో కూలబడి, పలకని దగ్గరికి లాక్కుని చూసింది. ఇరవై ఏళ్ళు ఆ చేతిని 'మట్టిచెయ్యి' అని దెప్పిన మనిషి.

"నీదే కదే ఇది? చిటికెన వేలు వంకర. పొద్దున్నే నా చంకలో పెట్టి లేపేటప్పుడు ఆ వేలే గుచ్చుకుంటుంది." తర్వాత ఇంకో గొంతుతో అంది, "ఎందుకింత చిక్కిపోయింది?"

"కాలితే అంతే అత్తయ్యా."

అత్తగారు పలక వెనక్కి నెట్టలేదు. చెయ్యి దాని పక్కనే పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు భర్త వచ్చాడు. పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, చేత్తో పలకని అటూ ఇటూ తిప్పి చూశాడు. మెచ్చుకోలుగా తలూపాడు.

"భలే వచ్చిందే! ఇప్పుడు చిన్నపిల్లల చేతులు కూడా చేస్తున్నావా? మంచి ఐడియా. బాగా అమ్ముడవుతాయి. ఇంతకీ ఎవరి పాపది?"

అత్తగారు తలెత్తి కొడుకు మొహంలోకి చూసింది.

"పెద్దపాపది" అంది కోడలు.

"ఏ పెద్దపాప?"

పెద్దపాప ఆయన చేతిలోంచి పలక తీసుకుంది. కొంగుతో ఒకసారి తుడిచింది.

"కొత్తగా వచ్చింది. ఆవిడకి చోటు కావాలి. రేపు అల్మరా ఖాళీ చెయ్యడం లేదు."